మినియేచర్ బొమ్మలకి రంగులు వేసే బ్రష్‌లు: కొనే దగ్గర్నుంచి కడిగే దాకా

కొత్తగా మినియేచర్లు పెయింట్ చేద్దామనుకున్నవాళ్ళు బ్రష్‌ల కోసం వెళ్తే చెయ్యి ముందు వెళ్ళేది అన్నిటికంటే సన్నటి దాని మీదకే. బొమ్మ ఎత్తు చూస్తే 28 మిల్లీమీటర్లు, దాని కన్ను ఒక మిల్లీమీటరు కూడా ఉండదు, మరి అంత చిన్న కన్ను గియ్యాలంటే బ్రష్ సైజ్ నంబర్‌లో సున్నాలు ఎన్ని ఎక్కువుంటే (అంటే బ్రష్ ఎంత సన్నగా ఉంటే) అంత మంచిది కదా అనిపిస్తుంది. నేనూ అలాగే 10/0 (పది సున్నాల సైజ్, చాలా సన్నటిది) కొన్నాను. పెయింట్‌లో ముంచి బొమ్మ దగ్గరికి తెచ్చేలోపే మొన మీదున్న ఆ కాస్త పెయింట్ ఎండిపోయేది, గీత పడేది కాదు, మళ్ళీ ముంచితే ఈసారి మొన చుట్టూ ముద్ద కట్టేది. నా చేతికి ఈ పని రాదేమో అని చాలా రోజులు బాధపడ్డాను. ఆ తర్వాత మంచి మొనున్న 1 నంబర్ బ్రష్ దొరికి, అదే కన్ను దాంతో గీస్తే ఒక్కసారికే వచ్చేసింది.

కాబట్టి ముందే చెప్పేస్తున్నా, సన్నటి గీత బ్రష్ సైజ్ వల్ల రాదు, మొన వల్ల వస్తుంది. ఆ మొన ఎండకుండా దానికి పెయింట్ అందిస్తూ ఉండేది వెనకున్న పొట్ట. ఏ బ్రష్ కొనాలన్నా, ఎలా వాడాలన్నా, ఎలా కడగాలన్నా ఈ రెండిటినీ కాపాడుకోవడమే పని.

ముందు బ్రష్‌ని దగ్గరగా చూడండి

ఒక రౌండ్ బ్రష్ తీసుకుని వెలుతురులో పెట్టి చూస్తే మూడు భాగాలు కనిపిస్తాయి: చెక్క పిడి, మెరిసే లోహపు తొడుగు, దాన్లోంచి బయటికొచ్చిన వెంట్రుకలు. ఆ తొడుగునే ఫెర్రూల్ అంటారు. వెంట్రుకలు మొత్తం దాని లోపల జిగురుతో అతికించి ఉంటాయి. తొడుగు దగ్గర్నుంచి పైకి కొంచెం ఉబ్బి మళ్ళీ సన్నబడుతూ మొన దగ్గర కలుస్తాయి. ఆ ఉబ్బే పొట్ట.

దీపంలో వత్తి నూనెని ఎలా పైకి లాక్కుంటుందో, వెంట్రుకల మధ్య ఉండే సందులు కూడా పల్చటి పెయింట్‌ని అలాగే పట్టి ఉంచుతాయి, మొన బొమ్మకి ఆనగానే కొంచెం కొంచెంగా వదుల్తాయి. పొట్ట లేని బ్రష్ అంటే నూనె లేని వత్తే. 10/0 తో నాకు జరిగింది అదే.

ఇంకో విషయం ఇక్కడే గుర్తుపెట్టుకోండి. యాక్రిలిక్ పెయింట్‌లో నీళ్ళు ఆరిపోయాక అందులోని ప్లాస్టిక్ రేణువులు ఒకదానికొకటి అతుక్కుని పొరలా గట్టిపడతాయి, ఆ తర్వాత నీళ్ళు పోసినా కరగవు. ఆ పొర తొడుగు లోపల, వెంట్రుకల మొదట్లో కడితే వెంట్రుకలు పక్కలకి తోసుకుంటాయి, మొన రెండుగా చీలిపోతుంది. పాడైన బ్రష్‌లలో ఎక్కువ భాగం ఇలా పోయినవే.

ఏ వెంట్రుక

కొలిన్స్కీ సేబుల్ అనే పేరు అందరూ వినే ఉంటారు. పేరులో సేబుల్ ఉంది గానీ ఇది సేబుల్ జంతువు వెంట్రుక కాదు, సైబీరియన్ వీజిల్ అనే చిన్న జంతువు తోక వెంట్రుక. (కేమెల్ హెయిర్ అని అమ్మేవాటిలో కూడా ఒంటె వెంట్రుక ఉండదు, ఎక్కువగా ఉడుతదో మేకదో ఉంటుంది.) ఈ తోక వెంట్రుక మధ్యలో లావుగా ఉండి చివరికొచ్చేసరికి దానంతటదే సన్నబడుతుంది, అందుకే వాటన్నిటినీ కలిపి కడితే పొట్టా మొనా రెండూ వస్తాయి. పైగా వంచి వదిలితే టక్కున మళ్ళీ నిటారుగా వస్తుంది.

ఇందులో అందరూ చెప్పే పేరు విన్సర్ అండ్ న్యూటన్ సిరీస్ 7. 1866లో విక్టోరియా రాణి కోసం తయారు చేశారు, ఆవిడకి ఇష్టమైన సైజ్ 7 కాబట్టి ఆ పేరు అంటారు. రాఫేల్ 8404, డా విన్చీ మాస్ట్రో సిరీస్ 10, రోజ్‌మేరీ అండ్ కో సిరీస్ 33 కూడా బొమ్మలు పెయింట్ చేసేవాళ్ళు బాగా వాడేవే. రాఫేల్ పొట్ట కాస్త పెద్దది, పెయింట్ ఎక్కువ పడుతుంది. సిరీస్ 7లో మినియేచర్ అని వేరే రకం ఉంది, పేరు చూసి మనకోసమే అనుకుని అది తీసుకోకండి. దాని వెంట్రుక పొట్టిగా ఉంటుంది, అంటే పెయింట్ తక్కువ పడుతుంది. మన బొమ్మలకి మామూలు సిరీస్ 7 నయం.

సింథటిక్ అంటే నైలాన్ లాంటి ప్లాస్టిక్ దారాలు. కొత్తలో వీటి మొన కూడా బాగానే ఉంటుంది, నిజంగా చాలా బాగుంటుంది, కానీ కొన్నాళ్ళకి చివర ఒక పక్కకి కొక్కెంలా వంగిపోతుంది. అదెంత జాగ్రత్తగా వాడినా ఎప్పుడో ఒకప్పుడు జరిగేదే, మీ తప్పు అనుకోవద్దు. దారం నున్నగా ఉంటుంది కాబట్టి తడి కూడా తక్కువ నిలుస్తుంది. అలాగని పనికిరావని కాదు. బేస్ కోట్లు (మొదట వేసే రంగు పొరలు), వాష్‌లు (గుంటల్లోకి పారే పల్చటి రంగులు), మెటాలిక్ పెయింట్లు, వార్నిష్, ఆయిల్ పెయింట్లు, టర్పెంటైన్, వైట్ స్పిరిట్ తగిలే పనులన్నీ సింథటిక్‌తోనే చెయ్యాలి. జంతువు వెంట్రుక వద్దనుకునేవాళ్ళు మొత్తం సింథటిక్‌తోనే పెయింట్ చెయ్యొచ్చు, చక్కగా చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. బ్రష్‌లు కాస్త తరచుగా మార్చుకోవాలి, అంతే.

ఎన్ని కొనాలి, ఏ సైజులు

బ్రష్ మీదున్న నంబర్ అన్ని కంపెనీలకీ ఒకటే కాదు. ఒకరి 1 ఇంకొకరి 0 అంత ఉంటుంది, అందుకే నంబర్ చూసి మాత్రమే ఆర్డర్ పెట్టేయకుండా వెంట్రుక పొడవెంతో కూడా చూడండి.

మొదటిసారి కొనేవాళ్ళకి నేనైతే ఇలా చెప్తాను: సింథటిక్ రౌండ్ 2 ఒకటి, అన్ని బేస్ కోట్లకీ. కొలిన్స్కీ 1 ఒకటి, ముఖం, అంచులు, హైలైట్లు (వెలుగు పడే చోట వేసే లేత రంగు) అన్నీ దీంతోనే. డ్రై బ్రషింగ్‌కి (దాదాపు పొడి బ్రష్‌తో ఉబ్బెత్తు భాగాలకి రంగు రుద్దడానికి) మెత్తగా గుండ్రంగా ఉండే మేకప్ బ్రష్ ఒకటి. పెయింట్ కలపడానికి ఏదో ఒక పాత బ్రష్. పెద్ద బొమ్మలు, వాహనాలు ఉంటే సింథటిక్ ఫ్లాట్ కూడా. అంతకుమించి మొదట్లో అక్కర్లేదు. 12 బ్రష్‌ల సెట్ కొనే బదులు ఆ డబ్బంతా ఒక్క మంచి కొలిన్స్కీ మీద పెట్టండి. 75 మిల్లీమీటర్ల బొమ్మలు చేసేవాళ్ళైతే 1 బదులు 2 తీసుకుంటే ఇంకా హాయిగా ఉంటుంది.

కొన్నప్పుడు చెక్ చెయ్యడం

కొత్త బ్రష్ మొన గట్టిగా, సూదిలా ఉంటుంది. దాన్ని చూసి మురిసిపోకండి, అది గమ్ అరబిక్ లాంటి జిగురు పెట్టి నిలబెట్టింది. చల్లటి నీళ్ళలో మెల్లగా ఆడిస్తే ఆ జిగురు కరిగి వెంట్రుకలు విడిపోతాయి, బ్రష్ నిజంగా ఎలాంటిదో అప్పుడే తెలుస్తుంది. నీళ్ళలో ముంచి మణికట్టుతో ఒక్క విసురు విసరండి. వెంట్రుకలన్నీ వాటంతటవే ఒక్క మొనగా కూడుకుంటే అది మంచి బ్రష్. రెండు మొనలొచ్చినా, ఒక వెంట్రుక పక్కకి నిక్కినా ఇంకోసారి విసిరి చూడండి, మళ్ళీ అంతే ఐతే తిరిగిచ్చేయండి. ఎంత పేరున్న కంపెనీదైనా చేత్తో కట్టినవి కాబట్టి ఒకటీ అరా తేడా వస్తూనే ఉంటాయి.

పెయింట్ సంగతి

బ్రష్ ఎంత మంచిదైనా సీసాలోంచి నేరుగా ముంచితే ఉపయోగం లేదు. పెయింట్ మందంగా ఉంటుంది, పైగా డబ్బాలో ముంచగానే తొడుగు దాకా ఎక్కేస్తుంది. పాలెట్ (రంగులు కలుపుకునే పలక) మీదకి ఒక చుక్క తీసుకుని, పాత బ్రష్‌తో కొంచెం కొంచెం నీళ్ళు కలుపుతూ పాలంత పల్చగా చేసుకోండి. పాలెట్ వాలుగా ఉన్నచోట బ్రష్‌తో ఒక గీత లాగితే అది నున్నగా పారాలి, అలాగని నీళ్ళలా జారి కిందకి పోకూడదు. పల్చటి పొరలు రెండు వేస్తే బొమ్మ మీద చెక్కిన వివరాలు ఎక్కడివక్కడ కనిపిస్తాయి, మందంగా ఒక్కటి వేస్తే పూడుకుపోతాయి.

వెట్ పాలెట్ (తడి పాలెట్) తప్పకుండా చేసుకోండి, ఖర్చేమీ కాదు. మూతున్న వెడల్పాటి డబ్బాలో తడి స్పాంజ్ పరిచి, దాని మీద బేకింగ్ పేపర్ వెయ్యాలి. కింద తడి కాగితంలోంచి మెల్లగా పైకొస్తూ ఉంటుంది కాబట్టి పెయింట్ గంటల తరబడి ఎండదు.

బ్రష్‌కి పెయింట్ పట్టించడం

మినియేచర్ పెయింటింగ్‌లో సగం నేర్పు ఇక్కడే ఉంది, దీన్ని ఎవరూ సరిగ్గా చెప్పరు.

ముందు బ్రష్‌ని శుభ్రమైన నీళ్ళలో తడిపి టిష్యూ మీద అద్దండి. పొడి బ్రష్‌ని పెయింట్‌లో పెడితే మొదటి చుక్క సర్రున తొడుగు దాకా పోతుంది, ముందే తడిసి ఉంటే అలా ఎక్కదు. తర్వాత మొనని పెయింట్‌లో పెట్టి వెంట్రుకల్లో సగానికి మించకుండా తీసుకోండి. మూడో వంతైతే ఇంకా మంచిది. ఇప్పుడు పాలెట్ మీద బ్రష్‌ని పడుకోబెట్టి, పిడిని వేళ్ళ మధ్య తిప్పుతూ మీ వైపుకి లాగండి. తిరిగే కొద్దీ వెంట్రుకలు చుట్టుకుని మొన కూడుకుంటుంది. ఆఖరికి టిష్యూ మీద బ్రష్ పక్కభాగాన్ని ఒక్క క్షణం ఆనించి తీసేయండి, మొన కాదు, పక్క. ఎక్కువున్న తడి టిష్యూ లాక్కుంటుంది. మొదటి గీత బొటనవేలి గోరు మీద గీసి చూసుకోండి. గోరు మీద చుక్కలా వ్యాపిస్తే తడి ఎక్కువుంది, గరుకుగా తెగితే ఎండిపోతోంది, సన్నగా చివరిదాకా ఒకేలా వస్తే ఇక బొమ్మ మీదకి వెళ్ళొచ్చు.

చాలామంది మొన కోసం బ్రష్ నోట్లో పెట్టుకుంటారు. వద్దు. కొన్ని రంగుల్లో కాడ్మియం, కోబాల్ట్ ఉంటాయి. 1910ల చివర్లోనూ 1920ల్లోనూ అమెరికాలో గడియారాల డయల్స్‌కి రేడియో ధార్మికత ఉన్న రేడియం పెయింట్ వేసిన అమ్మాయిల చేత ఇలాగే పెదాలతో మొన చేయించారు, దవడ ఎముకలు కుళ్ళి ఎంతోమంది చనిపోయారు. మన పెయింట్లలో రేడియం లేదు నిజమే, కానీ టిష్యూ మీద తిప్పితే వచ్చే మొన కోసం రంగు నోట్లోకి పోనివ్వడం దేనికి.

చెయ్యి

బొమ్మని ఒక కార్క్ మీదో సీసా మూత మీదో అతికించి ఎడమ చేత్తో పట్టుకోండి, వేళ్ళు బొమ్మకి తగలకూడదు. బ్రష్‌ని తొడుగుకి కాస్త పైన పెన్నులా పట్టుకుని, రెండు మణికట్లూ ఒకదానికొకటి ఆనించండి. చేతులు వణికినా రెండూ కలిసి కదుల్తాయి కాబట్టి బ్రష్‌కీ బొమ్మకీ మధ్య దూరం మారదు. మోచేతులు బల్ల మీదే ఉండాలి.

గీత ఎప్పుడూ లాగాలి, తొయ్యకూడదు. తోస్తే మొన వెనక్కి విరుగుతుంది. గీత కావాల్సిన దిక్కుకి చెయ్యి తిప్పే బదులు బొమ్మనే తిప్పండి, తలకిందులుగా పెట్టినా సరే.

ఏ పనికి బ్రష్‌లో ఏ భాగం

బేస్ కోట్‌కి పొట్ట మొత్తం వాడతాం, పెద్ద బ్రష్ పెట్టి తొందరగా కానిచ్చేయొచ్చు. వాష్‌కి కూడా అంతే, తడిగా వేసి గుంటల్లోకి పోనిచ్చి, ఎక్కువ నిలిచిన చోట శుభ్రమైన తడి బ్రష్ ఆనిస్తే అది పీల్చేసుకుంటుంది.

అంచుల హైలైట్ దగ్గర అందరూ మొనతో గీస్తూ కష్టపడతారు. కవచం అంచు, కత్తి అంచు లాంటి చోట్ల బ్రష్‌ని పక్కకి వాల్చి, వెంట్రుకల పక్కభాగం అంచుకి తగిలేలా అలా లాగేయండి. అంచు తనకి కావాల్సినంత పెయింట్ తనే తీసుకుంటుంది, గీత తిన్నగా వస్తుంది. మొన కావాల్సింది లోపలి గీతలకి, బట్టల మడతలకి.

గ్లేజ్ అంటే ఇంకా పల్చటి పెయింట్, రంగు నీళ్ళు అనుకోండి. దీనికి టిష్యూ మీద దాదాపు పొడి అయ్యేదాకా అద్దాలి, లేకపోతే మరకలవుతుంది. బ్రష్ ఎత్తిన చోట రంగు ఎక్కువ పోగవుతుంది, అందుకని నీడ కావాలంటే నీడ వైపుకి, వెలుగు కావాలంటే వెలుగు వైపుకి లాగి అక్కడ ఎత్తండి. ఈ ఒక్క విషయం అర్థమైన రోజు నా బ్లెండింగ్ (ఒక రంగు ఇంకో రంగులోకి మెల్లగా కలిసేలా వెయ్యడం) మారిపోయింది.

డ్రై బ్రష్‌కి మాత్రం మంచి బ్రష్ ముట్టుకోవద్దు, ఆ రాపిడికి మొన అక్కడికక్కడే పోతుంది. మేకప్ బ్రష్‌తో కొంచెం పెయింట్ తీసుకుని టిష్యూ మీద దాదాపు మొత్తం తుడిచేసి, ఉబ్బెత్తు భాగాల మీద మెల్లగా తిప్పుతూ పోవాలి.

కన్ను, మొదట్నుంచి చివరిదాకా

కొలిన్స్కీ 1 తీసుకోండి. ముందు కంటి గుంట మొత్తం ముదురు గోధుమరంగు వేసేయండి, నలుపైతే మరీ కొట్టొచ్చినట్టు ఉంటుంది. పూర్తిగా ఆరాక తెలుపులో కొంచెం బూడిదరంగు కలిపి, గుంట మధ్యలో అడ్డంగా చిన్న గీత. చుట్టూ గోధుమరంగు వెంట్రుకవాసి మిగిలితే చాలు, కనురెప్పలు వచ్చినట్టే. ఇప్పుడు కనుపాప. చుక్క పెట్టొద్దు, చుక్క చుట్టూ తెల్లగా కనపడితే బొమ్మ ఉలిక్కిపడినట్టు చూస్తుంది. దానికి బదులు పై రెప్ప దగ్గర్నుంచి కింది రెప్ప దాకా నిలువుగా చిన్న గీత లాగండి. ఊపిరి వదులుతూ గీస్తే చెయ్యి నిలకడగా ఉంటుంది. మీకు కష్టంగా ఉండే వైపు కన్ను ముందు చేసేయండి, రెండోదాన్ని దానికి సరిపోయేలా గియ్యడం తేలిక. గీత బయటికి పోతే తుడవడానికి తొందరపడకండి, ఆరనిచ్చి చర్మం రంగుతో చుట్టూ సరిదిద్దితే కన్ను ఇంకా చక్కగా తేలుతుంది.

కడగడం

పని మధ్యలోనే, ప్రతి కొన్ని నిమిషాలకి, అదే రంగు వాడుతున్నా సరే, బ్రష్ నీళ్ళలో ఆడించండి. గ్లాసు అడుగున మొన గుచ్చి కలపొద్దు, నీళ్ళలో ఊరికే అటూ ఇటూ ఊపితే చాలు. మెటాలిక్ పెయింట్లకి వేరే గ్లాసు, వేరే బ్రష్ పెట్టుకోండి. ఆ మెరుపు రేణువులు నీళ్ళలో మిగిలిపోయి తర్వాత వేసే ముఖం మీద మెరుస్తాయి.

బ్రష్‌ని గ్లాసులో మొన కిందికి పెట్టి వదిలేయొద్దు. నా మొదటి కొలిన్స్కీని ఒక రాత్రి అలా వదిలేశాను. పొద్దున చూస్తే మొన పక్కకి మడత పడిపోయింది, నీళ్ళు తాగిన పిడి ఉబ్బి దాని మీద రంగు పెచ్చులు లేచింది, తొడుగు ఊగుతోంది. ఎంతో ఇష్టపడి కొనుక్కున్నది, ఇప్పటికీ తలుచుకుంటే బాధేస్తుంది.

ఆ రోజుకి పని అయ్యాక సబ్బు. మాస్టర్స్ బ్రష్ క్లీనర్ అని గుండ్రటి డబ్బాలో వచ్చేది బాగా పనిచేస్తుంది, అది లేకపోతే మామూలు ఒంటి సబ్బు అయినా పర్వాలేదు. తడి బ్రష్‌ని సబ్బు మీద మెల్లగా తిప్పి, అరచేతిలో నురగ వచ్చేలా రుద్దండి, రుద్దడం కూడా లాగుతూనే, తోస్తూ కాదు. శుభ్రంగా ఉందనుకున్న బ్రష్‌లోంచి కూడా రంగు నురగ వస్తుంది, అది తొడుగు దగ్గర దాక్కున్నది. నురగ తెల్లగా వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ చెయ్యండి. నీళ్ళు చల్లగానో గోరువెచ్చగానో ఉండాలి, వేడి నీళ్ళు తొడుగులోని జిగురుని వదులు చేస్తాయి. ఆఖర్న వేళ్ళతో మొన సరిచేసి అడ్డంగా పడుకోబెట్టి ఆరనివ్వండి. నిలబెడితే మిగిలిన తడి తొడుగులోకి దిగుతుంది. పూర్తిగా ఆరాక మొన పైకి ఉండేలా కప్పులో పెట్టుకోవచ్చు. కొలిన్స్కీని చాలా రోజులు వాడకపోతే మూతున్న డబ్బాలో దాచండి, ఉన్ని బట్టల్ని తినే చిమ్మట పురుగులు ఈ వెంట్రుకనీ తింటాయి. ప్లాస్టిక్ ట్యూబ్ మూత తొడిగేటప్పుడు ఒక్క వెంట్రుక బయటికి మడత పడ్డా అది అలాగే ఉండిపోతుంది, అందుకే నేను మూతలు వాడను.

పాడైనవి

సింథటిక్ మొన వంగితే, మరగని వేడి నీళ్ళలో కొన్ని క్షణాలు వెంట్రుకలు మాత్రమే ముంచి, వేళ్ళతో సాగదీసి సబ్బు పట్టించి ఆరనిస్తే కొంతకాలం నిటారుగా ఉంటుంది. పెయింట్ ఎండి గట్టిపడినదానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కాసేపు నానబెట్టి సబ్బుతో కడిగితే చాలావరకు వదులుతుంది, కాకపోతే కొలిన్స్కీ వెంట్రుకని అది పొడిబార్చేస్తుంది కాబట్టి వేరే దారి లేనప్పుడే చెయ్యండి. కడిగాక మొనకి కాస్త సబ్బు పట్టించి అలాగే రెండు రోజులు వదిలేసి, వాడే ముందు నీళ్ళతో కడుక్కోవచ్చు.

ఎంత చేసినా మొన రాని బ్రష్‌ని మాత్రం పారెయ్యకండి, పిడి మీద ఎర్ర టేపు చుట్టి వేరే కప్పులో పెట్టండి. పెయింట్ కలపడానికి, బొమ్మ నిలబడే పీట మీద ఇసుక అంటించే జిగురు పుయ్యడానికి, నేలలా గరుకుగా కనిపించే టెక్స్చర్ పేస్ట్‌కి అదే కావాలి. ఎర్ర టేపు ఎందుకంటే, పనిలో పడి చూడకుండా చెయ్యి చాపినప్పుడు జిగురులోకి కొలిన్స్కీ పోకుండా.